సామాన్యులకు మూడు రెట్ల ఫండ్లు అమ్మనివ్వాలా?

మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. మీ బావమరిది ఉద్యోగం మారాక పాత కంపెనీ రిటైర్మెంట్ ఖాతా 401కె సొమ్ము 2 లక్షల 10 వేల డాలర్లు తన సొంత రిటైర్మెంట్ ఖాతా ఐఆర్‌ఏలోకి తెచ్చుకుని, మొత్తం టీక్యూక్యూక్యూ అనే మూడు రెట్ల ఫండ్‌లో పెట్టేశాడు. మీ ఆవిడకి నిద్ర పట్టడం లేదు. అతనేమో "నా డబ్బు, నా ఇష్టం, మధ్యలో గవర్నమెంటుకేం పని?" అంటున్నాడు. ఇలాంటి ఫండ్లు మామూలు మనుషుల చేతికి అందకుండా నియంత్రణ సంస్థలు అడ్డుకోవాలా అని మీరు అడిగారు. అతన్ని ఏం చేయమంటారన్నది అడగలేదు గానీ, అసలు బాధ అదేనని అర్థమైంది. రెండింటికీ చెబుతాను.

మొదటిదానికి నా జవాబు: అడ్డుకోవాలి. అయితే కొనేవాడి జేబు చూసి కాదు, ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో అతనికి తెలుసా లేదా చూసి. ఇక ఒక్క రోజులో సున్నా అయ్యే వీలున్నవాటిని మాత్రం ఎంత తెలిసినవాళ్లకైనా మామూలు షేర్ల వరసలో పెట్టి అమ్మనివ్వకూడదు.

నేను న్యూజెర్సీలో 22 ఏళ్లుగా మనవాళ్ల టాక్సులు, రిటైర్మెంట్ లెక్కలు చూస్తున్నాను. అంతకుముందు నాలుగేళ్లు ఒక బ్రోకరేజీలో ఆప్షన్స్ (షేరుని ముందే అనుకున్న ధరకి కొనే, అమ్మే హక్కులు) ఖాతాల దరఖాస్తులు పరిశీలించే విభాగంలో పనిచేశాను. నేను చెప్పేదంతా ఆ రెండు చోట్లా చూసినదే.

ముందు లెక్క చూద్దాం. నాస్‌డాక్ ఎక్స్చేంజీలోని వంద పెద్ద కంపెనీల సూచీ నాస్‌డాక్-100 ఇవాళ 1 శాతం పెరిగితే టీక్యూక్యూక్యూ 3 శాతం పెరగాలి, 1 శాతం పడితే 3 శాతం పడాలి. ఆ ఫండ్ ఇచ్చే మాట అంతే. అందులో అందరి కళ్లూ "3 రెట్లు" మీదే పడతాయి. "ఇవాళ" అన్న మాట ఎవరికీ పట్టదు. ఏడాదికి మూడు రెట్లు అని అది ఎక్కడా మాటివ్వలేదు.

సూచీ 100 దగ్గర ఉందనుకోండి. ఇవాళ 2 శాతం పడి 98 అయింది, రేపు మళ్లీ 100కి వచ్చింది. సూచీకి పోయిందేమీ లేదు. మూడు రెట్ల ఫండ్ ఇవాళ 6 శాతం పడి 94 అవుతుంది. రేపు 98 నుంచి 100కి రావడానికి సూచీ పెరిగింది 2.04 శాతం, దానికి మూడు రెట్లు 6.12 శాతం. 94 మీద 6.12 శాతం కలపండి: 99.75. పావు డాలరే కదా అనిపిస్తుంది. ఇదే ఊగిసలాట వంద సార్లు, అంటే 200 ట్రేడింగ్ రోజులు సాగిందనుకోండి. సూచీ అదే 100 దగ్గర ఉంటుంది, ఫండ్ 78 దగ్గర ఉంటుంది. ఇందులో ఎవరి మోసమూ లేదు, ఉత్త గుణకారం.

ఎందుకిలా జరుగుతుందంటే, ఫండ్ ప్రతిరోజూ మార్కెట్ మూసే వేళకి అప్పుతో పెంచుకున్న తన పెట్టుబడిని మళ్లీ సొంత సొమ్ముకి మూడు రెట్లకి సరిచేసుకోవాలి. పెరిగిన రోజు ఇంకా కొంటుంది, పడిన రోజు కొంత అమ్ముతుంది. ఊగే మార్కెట్లో అది ప్రియంగా కొని చవగ్గా అమ్మడమే అవుతుంది. ఒకే దిక్కుకి నడిచే మార్కెట్లో అదే పద్ధతి కలిసొస్తుంది కూడా. వరసగా 10 రోజులు రోజుకి 1 శాతం పెరిగితే సూచీ 10.5 శాతం పెరుగుతుంది, ఫండ్ 34.4 శాతం పెరుగుతుంది. మూడు రెట్లకన్నా ఎక్కువే. మీ బావమరిది చూసిన యూట్యూబ్ వీడియోల్లో ఈ రెండో లెక్కే ఉండి ఉంటుంది.

ఇంకో ఖర్చు ఉంది, అది బయటికి కనపడదు. మీ 1 డాలరుతో 3 డాలర్ల పని చేయించాలంటే మిగతా 2 డాలర్లు ఎవరో ఒకరు ఇవ్వాలి. ఫండ్ బ్యాంకులతో స్వాప్ ఒప్పందాలు (ఒకరు సూచీ లాభనష్టాలు, ఇంకొకరు వడ్డీ ఇచ్చిపుచ్చుకునేవి) చేసుకుని వాటిని తెచ్చుకుంటుంది, వాటికి వడ్డీ కడుతుంది. 2021లో ఫెడరల్ రిజర్వ్ రేటు సున్నా దగ్గర ఉన్నప్పుడు ఆ వడ్డీ ఎవరికీ తెలియలేదు. 2023లో రేటు 5 శాతం దాటాక, రెండు డాలర్ల అప్పు మీద ఏడాదికి సుమారు 10 శాతం చొప్పున ఆ ఫండ్ మీదే పడింది. ఫండ్ పేజీలో రాసి ఉండే వార్షిక ఫీజు 1 శాతం లోపే. ఈ వడ్డీ ఆ అంకెలో ఉండదు.

2024 ఫిబ్రవరిలో, టాక్స్ సీజన్ మధ్యలో, ఒక జంట నా దగ్గరికి వచ్చారు. ఇద్దరూ ఐటీ ఉద్యోగులే. ఇంటి డౌన్ పేమెంట్ కోసం దాచుకున్న 80 వేల డాలర్లని 2021 డిసెంబరు ఆఖరి వారంలో టీక్యూక్యూక్యూలో పెట్టారు. ఆవిడ ఒక స్పైరల్ నోట్‌బుక్ తెచ్చింది. నెలాఖరున బ్యాలెన్స్ ఎంతుందో నీలం పెన్నుతో వరసగా రాసుకుంది. 2022 డిసెంబరు దగ్గర 16 వేల చిల్లర ఉంది. ఆ తర్వాత మూడు నెలల గళ్లు ఖాళీ. చూడబుద్ధి కాలేదండీ అంది. 2023 డిసెంబరు దగ్గర 50 వేలకి కాస్త తక్కువ.

ఆవిడ అడిగిన ప్రశ్న ఒక్కటే. "నాస్‌డాక్ పాత ఎత్తు దాటేసిందని అందరూ అంటున్నారు కదండీ, మాది ఎందుకు దాటలేదు?"

2022లో అదే సూచీని ఒక్క రెట్టే అనుసరించే మామూలు క్యూక్యూక్యూ ఫండ్ సుమారు 33 శాతం పడింది, 2023లో సుమారు 55 శాతం పెరిగింది. వాళ్ల 80 వేలు అందులో ఉండి ఉంటే ముందు 54 వేలకి దిగి, మళ్లీ 83 వేలు దాటేవి. టీక్యూక్యూక్యూ 2022లో 79 శాతం పడింది, 2023లో 198 శాతం పెరిగింది. 198 శాతం అంటే దాదాపు మూడింతలు. అయినా 16 వేల చిల్లరని మూడింతలు చేస్తే 50 వేలే అవుతుంది. 79 శాతం పోయిన సొమ్ము మళ్లీ మొదటికి రావాలంటే 376 శాతం పెరగాలి.

అతను డేటాబేస్ ఇంజనీరు. రోజూ లెక్కలతోనే బతికే మనిషి. నేను ఆ 100, 94, 99.75 కాగితం మీద వేసి చూపిస్తుంటే పెన్ను తీసుకుని తనే మళ్లీ వేసుకున్నాడు. రెండోసారి కూడా అదే వచ్చింది. "కొనేటప్పుడు యాప్ నన్ను అడిగింది ఎన్ని షేర్లు కావాలని ఒక్కటేనండీ" అన్నాడు. అప్పుడు అమ్మేసినా ఆ 30 వేల నష్టాన్ని జీతం మీద టాక్సులో ఏడాదికి 3 వేల డాలర్ల చొప్పునే తీసేసుకోవచ్చు. మరో చోట లాభాలు లేకపోతే పదేళ్లు పడుతుంది. ఆ సంగతి చెప్పాక ఆవిడ నోట్‌బుక్ మూసి బ్యాగులో పెట్టుకుంది.

నియంత్రణ అవసరమని నేననేది ఆ యాప్ అడిగిన ఒక్క ప్రశ్న వల్లే. మిగతా చోట్ల ఎలా ఉందో చూడండి. అమెరికాలో ఆప్షన్స్ కొనాలంటే మీ ఆదాయం, అనుభవం, ఉద్దేశం కనుక్కుని ఖాతాకి విడిగా ఆమోదం ఇవ్వాలి. మార్జిన్ మీద, అంటే బ్రోకరు దగ్గర అప్పు తెచ్చి, షేర్లు కొనాలంటే కనీసం సగం సొమ్ము మీదై ఉండాలని ఫెడరల్ రిజర్వ్ నిబంధన, అంటే మహా అయితే రెండు రెట్లు. ఐఆర్‌ఏలో అయితే అప్పు తెచ్చి షేర్లు కొనడమే కుదరదు. రిటైర్మెంట్ సొమ్ము మీద అప్పు వద్దని చట్టం అంత గట్టిగా చెబుతుంటే, అదే ఐఆర్‌ఏలో అప్పు లోపల మడతపెట్టి మూడు రెట్లు చేసే ఫండ్‌ని ఏ ప్రశ్నా లేకుండా కొనుక్కోవచ్చు. పైగా దాని పేరు ఈటీఎఫ్, అంటే షేరులా ఎక్స్చేంజీలో కొని అమ్ముకునే ఫండ్. వాన్‌గార్డ్ సూచీ ఫండ్ కూడా ఈటీఎఫే, ఇదీ ఈటీఎఫే. తెరమీద రెండూ ఒకే రంగులో, ఒకే అక్షరాల్లో కనిపిస్తాయి.

అమ్మేవాళ్లకి కూడా అర్థం కాలేదనడానికి రుజువుంది. 2009 జూన్‌లోనే ఫిన్రా (అమెరికాలో బ్రోకర్లని నియంత్రించే సంస్థ) బ్రోకర్లకి నోటీసు ఇచ్చింది: ఒక రోజుకి మించి దాచుకునే ఉద్దేశం ఉన్న మామూలు మదుపరులకి ఇవి సాధారణంగా తగవని. అయినా 2012 మేలో నాలుగు పెద్ద సంస్థలు జరిమానా, కస్టమర్లకి పరిహారం కలిపి 91 లక్షల డాలర్ల పైచిలుకు కట్టాల్సి వచ్చింది. సరిగా తెలుసుకోకుండా, ఎవరికి తగునో చూడకుండా సలహాదారులు వీటిని అమ్మారని ఆరోపణ. ఇప్పుడు మధ్యలో సలహాదారే లేడు, యాప్ ఉంది. సలహా ఇవ్వలేదు గనక బాధ్యత లేదని ఆ సంస్థలు తప్పుకుంటాయి.

ఇక మీ బావమరిది పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయను.

టీక్యూక్యూక్యూ 2010 ఫిబ్రవరిలో మొదలైంది. ఆ రోజు కొని కదలకుండా కూర్చున్నవాళ్లకి 100 రెట్లకి పైగా అయింది. అలా కూర్చున్నవాళ్లు నిజంగా ఉన్నారు, తెలిసి చేసినవాళ్లూ ఉన్నారు. అమెరికా షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2019 నవంబరులో ఒక ప్రతిపాదన తెచ్చింది: కొనేవాడి సంగతి కనుక్కుని, ఈ వస్తువుని తూచగల తెలివిడి ఉందని నమ్మకం కలిగాకే బ్రోకరు అమ్మాలని. దాని మీద వేల ఉత్తరాలు వచ్చాయి, ఎక్కువ భాగం మామూలు మదుపరులు రాసినవే, వద్దని. 2020 అక్టోబరులో ఆ ముక్కని పక్కన పెట్టేశారు. 2022 మార్చిలో ఫిన్రా పరీక్షలు, శిక్షణ లాంటివి పెడితే ఎలా ఉంటుందని అభిప్రాయాలు అడిగితే మళ్లీ వేల ఉత్తరాలు. ఆ ఉత్తరాల్లో కొన్ని చదివాను. పెద్దలకి, సంపన్నులకే తెరిచి ఉండే హెడ్జ్ ఫండ్లు ఉన్నాయి, మాకు దక్కిన ఒక్క దారీ మూసేస్తారా అన్న కోపం వాటిలో ఉంది. ఆ కోపం నాకు అర్థమవుతుంది.

ఇంకో మాట న్యాయంగా చెప్పాలి. ఈ ఫండ్‌లో ఎంత పోయినా మీరు పెట్టిందే పోతుంది. రాత్రికి రాత్రి మార్జిన్ కాల్ (ఇంకా సొమ్ము కట్టమని బ్రోకరు అడగడం) రాదు, ఇంటి మీదికి అప్పు రాదు. ఫ్యూచర్స్‌లో (ముందే ఖాయం చేసుకున్న ధరకి తర్వాతి తేదీన కొనే, అమ్మే ఒప్పందాలు), ఆప్షన్లు రాసి అమ్మడంలో ఆ భరోసా లేదు. కాబట్టి ఫండ్‌కి తాళం వేసి మిగతావి తెరిచి ఉంచితే, కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. ఆశ ఉన్నవాడు ఇంకా ప్రమాదమైన చోటికి పోతాడు.

అది ఊహ కాదు, ఇండియాలో కళ్ల ముందు జరుగుతున్నదే. అక్కడ మూడు రెట్ల ఈటీఎఫ్‌లు లేవు, అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ మ్యూచువల్ ఫండ్లని ఆ పని చేయనివ్వదు. దానివల్ల జనం పందెం మానేశారా? ఆప్షన్లకి వెళ్లారు. సెబీ సొంత అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్) దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు, పోయిన మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయల పైనే. హైదరాబాదు, విజయవాడ నుంచి మా చుట్టాల పిల్లలు ఫోన్ చేసినప్పుడు ఎక్స్‌పైరీ రోజు (కాంట్రాక్టు గడువు ముగిసే రోజు) సంగతి రాకుండా సంభాషణ ముగియదు. వాళ్లలో ఒకడు ఎంటెక్ చదువుతూ హాస్టల్ ఫీజు పోగొట్టుకున్నాడు. మూడు రెట్ల ఫండ్‌లో అయితే ఆ ఫీజులో కొంతైనా మిగిలేది.

2024 అక్టోబరులో సెబీ పగ్గాలు బిగించింది. ఒక్కో ఎక్స్చేంజీకి ఒక్క సూచీ మీదే వారానికోసారి గడువు ముగిసే కాంట్రాక్టులు, కాంట్రాక్టు కనీస విలువ 15 లక్షలు. ఆ తర్వాత దిగేవాళ్ల సంఖ్య తగ్గింది, అది మంచిదే. కానీ 2024-25 మొత్తం మీద చూస్తే 91 శాతం మందికి నష్టమే, పోయింది 1.05 లక్షల కోట్లు. ఏడాది మధ్యలో వచ్చిన నిబంధనలు గనక పూర్తి ఫలితం ఆ అంకెలో లేదన్న మాట నిజమే. అయినా నాకు ఒక లోటు కనిపిస్తుంది. కాంట్రాక్టు విలువ పెంచితే డబ్బు తక్కువున్నవాడు ఆగుతాడు, అప్పు తెచ్చినవాడు ఆగడు. నీకు ఇది తెలుసా అని మాత్రం ఎవరినీ ఎవరూ అడగలేదు.

డబ్బుని కొలబద్దగా పెట్టడం అమెరికాలో పాత అలవాటు. ప్రైవేటు పెట్టుబడుల్లోకి వెళ్లాలంటే సొంతిల్లు మినహాయించి 10 లక్షల డాలర్ల ఆస్తి, లేదా 2 లక్షల ఏడాది ఆదాయం ఉండాలన్న నిబంధనలోని ఆ అంకెలు 1980ల నాటివి. మనవాళ్లలో చాలామంది ఇవాళ ఆ గీత దాటేస్తారు, ఇద్దరూ ఉద్యోగం చేస్తే ఇంకా తేలిక. నా దగ్గరికి వచ్చే మోటెల్ యజమానులు, డాక్టర్లు, ఆర్కిటెక్టులు అందరూ అర్హులే. వాళ్లలో ఎంతమందికి ఆ 99.75 లెక్క తెలుసని అడిగితే చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదే సమయంలో ఏడాదికి 60 వేలు సంపాదించే స్కూలు లెక్కల టీచరుకి అది రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. జేబు చూసే నియమం ఆ టీచరుని ఆపి ఆ డాక్టరుని లోపలికి పంపుతుంది. 2020లో ఎస్ఈసీ ఆ అర్హతలోకి కొన్ని వృత్తి పరీక్షలు పాసైనవాళ్లని కూడా చేర్చింది. తెలివిడి కూడా అర్హతే అని ఒప్పుకున్నారన్నమాట. ఆ దారిలోనే ఇంకొంచెం ముందుకు రావాలని నా కోరిక.

దక్షిణ కొరియా 2020లో రెండూ కలిపి పెట్టింది: మూడు రెట్లవి అక్కడ లేవు గానీ, రెట్టింపు ఫండ్లు కొనేముందు ఒక ఆన్‌లైన్ పాఠం పూర్తిచేయాలి, ఖాతాలో కోటి వోన్లు ఉండాలి. జనం ఏం చేశారు? చాలామంది గోడ దూకి అమెరికా మార్కెట్లోని మూడు రెట్ల ఫండ్లు కొన్నారు. ఇవాళ సెమీకండక్టర్ల ఫండ్ ఎస్ఓఎక్స్ఎల్ లాంటివాటిలో కొరియా చిన్న మదుపరుల సొమ్ము పెద్ద మొత్తంలో ఉంది. దాంతో విదేశీ ఫండ్లకి కూడా పాఠం తప్పనిసరి చేశారు. కొరియావాళ్ల పాఠం ఆలోచన నాకు నచ్చింది, డిపాజిట్ నచ్చలేదు.

పాఠాలూ ప్రశ్నలూ కూడా ఎలా పెడతారన్నది ముఖ్యం. నేను బ్రోకరేజీలో ఉన్నప్పుడు దరఖాస్తుల్లో "ట్రేడింగ్ అనుభవం ఎన్నేళ్లు" అని ఒక గడి ఉండేది. సోమవారం సున్నా అని రాసి తిరస్కారం తెచ్చుకున్న మనిషే బుధవారం ఐదేళ్లు అని రాసి మళ్లీ పంపేవాడు. మా విభాగంలో మొదటి కాగితం, రెండో కాగితం పక్కపక్కన పెట్టి చూడాలన్న నియమమే లేదు. నేను రెండుసార్లు అడిగాను, అది మన పని కాదన్నారు. ఆ తర్వాత కాలంలో ఇదే పనిని యంత్రాలకి అప్పజెప్పారు. 2021 జూన్‌లో ఫిన్రా రాబిన్‌హుడ్ మీద జరిమానా, పరిహారం కలిపి దాదాపు 7 కోట్ల డాలర్లు విధించినప్పుడు చూపిన కారణాల్లో ఒకటి, ఆప్షన్స్ దరఖాస్తులని సరైన పరిశీలన లేకుండా కంప్యూటర్ ప్రోగ్రాములతో ఆమోదించడం. మనిషి తన గురించి తాను చెప్పుకునే జవాబు మీద నిలబడే ఏ కట్టడీ పనిచేయదు.

అందుకే నేనైతే లెక్కే అడగమంటాను. మొదటిసారి కొనేటప్పుడు, అతను కొనబోయే సొమ్ముతోనే అడగాలి. "మీరు 20 వేలు పెడుతున్నారు. సూచీ ఇవాళ 10 శాతం పడి, రేపు సరిగ్గా మొదటికి వస్తే మీ దగ్గర ఎంత ఉంటుంది?" జవాబు 18,667 డాలర్లు. ఇరవై వేలే అని రాసినవాడికి ఆ వస్తువు తెలియదని అక్కడే తేలిపోతుంది. అతన్ని తిట్టక్కర్లేదు, శాశ్వతంగా ఆపక్కర్లేదు. లెక్క విడమరిచి చూపించి, మర్నాడు వేరే అంకెలతో మళ్లీ అడగాలి. తెలిసినవాడికి ఒక్క నిమిషం పని. తెలియనివాడికి ఒక్క రాత్రి దొరుకుతుంది, చాలామందికి ఆ ఒక్క రాత్రే చాలు. ఆ తర్వాత మూడు నెలలకోసారి వచ్చే స్టేట్‌మెంట్లో "ఇదే సొమ్ము మామూలు సూచీ ఫండ్‌లో ఉంటే ఇంత" అని డాలర్లలో పక్కనే వేయాలి. రిటైర్మెంట్ ఖాతాలో పదో వంతు దాటితే యాప్ కాకుండా ఒక మనిషి ఫోన్ చేసి మాట్లాడాలి. ఆ ఫోన్ ఖర్చు ఎక్కువని సంస్థలు అంటాయి. ఫండ్ ఫీజుల మీద, ట్రేడింగ్ మీద ఇంత సంపాదిస్తున్నప్పుడు ఆ ఖర్చు భరించడం న్యాయమే.

ఒక్క రోజులో సున్నా అయ్యేవాటి సంగతి వేరు. అక్కడ ప్రశ్నలు, పాఠాలు చాలవు.

2018 ఫిబ్రవరి 5, సోమవారం. అంతకుముందు రెండేళ్లుగా ఎక్స్ఐవీ అనే నోటు (బ్యాంకు జారీచేసే, షేరులా కొని అమ్ముకునే పత్రం) బంగారు బాతులా ఉండేది. మార్కెట్ ఒడిదుడుకులని కొలిచే విక్స్ సూచీ ఫ్యూచర్స్‌కి తిరగబడి (అవి పడితే పెరిగి, అవి పెరిగితే పడి) నడిచేది అది. మార్కెట్ ప్రశాంతంగా ఉన్నంతకాలం పెరుగుతూనే పోయింది. ఆ రోజు అమెరికాలోని 500 పెద్ద కంపెనీల సూచీ ఎస్ అండ్ పీ 500 పడింది 4 శాతమే. విక్స్ మాత్రం 17 నుంచి 37కి ఎగిరింది. మార్కెట్ మూసే సమయానికి తెరమీద ఎక్స్ఐవీ ధర 99 డాలర్లు. రాత్రి తేలిన అసలు విలువ 4 డాలర్ల చిల్లర. పగలు చివరి గంటలో "చవగ్గా వచ్చింది" అని కొన్నవాళ్లు ఉన్నారు. పన్నెండు గంటలు కూడా నిలవలేదు. ఆ నెలలోనే ఆ నోటుని మూసేశారు. దాదాపు 190 కోట్ల డాలర్ల వస్తువు, వారాంతం అయ్యాక మొదటి రోజునే ఆవిరైంది. దాన్నిబట్టి మిగిలిన అలాంటి ఫండ్ ఒకటి తన తిరగబడే జోరుని సగానికి తగ్గించుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

విశాలమైన సూచీ మీద మూడు రెట్ల ఫండ్‌కి కొంత రక్షణ ఉంది. ఎస్ అండ్ పీ 500 ఒక్క రోజులో 20 శాతం పడితే అమెరికా మార్కెట్లన్నీ ఆ రోజుకి మూసేస్తారు. 20కి మూడు రెట్లు 60. భయంకరమే గానీ సున్నా కాదు. ఐదు రెట్లు అయితే సరిగ్గా ఆ 20 శాతం దగ్గరే వందకి వంద పోతుంది. 2025 అక్టోబరులో ఐదు రెట్ల ఫండ్లకి కూడా దరఖాస్తులు వచ్చాయి. డిసెంబరులో ఎస్ఈసీ అధికారులు ఫండ్ రిస్కు దాని ప్రమాణ సూచీ రిస్కుకి రెండు రెట్లు మించకూడదన్న 2020 నిబంధనలోని 200 శాతం పరిమితిని గుర్తుచేస్తూ ఆ సంస్థలకి ఉత్తరాలు రాశారు. సరైన పని. ఆ పరిమితి వచ్చేనాటికే నడుస్తున్న మూడు రెట్ల ఫండ్లని అలాగే ఉండనిచ్చారు, టీక్యూక్యూక్యూ అలా మిగిలినదే.

ఒకే కంపెనీ షేరు మీద రెట్టింపు ఫండ్లు 2022 జులైలో అమెరికాలోకి వచ్చాయి. షేరుకి సూచీకున్న ఆ అడ్డుకట్ట లేదు. ట్రేడింగ్ కొన్ని నిమిషాలు ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. ఫలితాల మర్నాడు 25, 30 శాతం పడిన షేర్లు మనం ఎన్ని చూడలేదు? రెట్టింపు అయితే ఒక్క పూటలో సగమో అంతకన్నా ఎక్కువో ఖాళీ. ఇలాంటివి మన యువ ఇంజనీర్లు తమ సొంత కంపెనీ షేరు మీదే కొంటున్నారు, జీతమూ ఆ కంపెనీదే, ఆర్ఎస్‌యూలూ (జీతంతోపాటు ఇచ్చే షేర్లు) ఆ కంపెనీవే. ఇక్కడ నేను గట్టిగానే అంటాను, వీటిని రిటైర్మెంట్ ఖాతాల్లోకి అసలు రానివ్వకూడదు.

ఇప్పుడు మీ బావమరిది. 46 ఏళ్లన్నారు. ఐఆర్‌ఏలో నష్టం వస్తే దాన్ని టాక్సులో చూపించుకోవడానికి కూడా ఉండదు. పైన చెప్పిన జంటకి ఆ 3 వేలైనా దక్కింది, ఇతనికి అదీ లేదు. అయితే ఐఆర్‌ఏ లోపల అమ్మి ఇంకోటి కొంటే టాక్సు పడదు. కాబట్టి బయటి ఖాతాలో అయితే వచ్చే తటపటాయింపు ఇక్కడ అక్కర్లేదు, ఇవాళ మార్చుకోవచ్చు. పూర్తిగా వదలమంటే వినడు, మీరు చెప్పిన తీరుని బట్టి పంతం పెరుగుతుంది. 21 వేలు అందులోనే ఉంచుకుని మిగతా 1 లక్షా 89 వేలు మామూలు సూచీ ఫండ్లలోకి మార్చమనండి. అతని నమ్మకం నిజమైతే ఆ 21 వేలే కనిపించేంత సొమ్ము అవుతుంది.

అడిగేది మాత్రం మీరు కాదు, మీ ఆవిడని అడగమనండి, అక్క మాట కాబట్టి కూర్చుని వింటాడు. ఒక తెల్ల కాగితం, పెన్ను ఇచ్చి ఈ లెక్క అతని చేతే వేయించండి: 2 లక్షల 10 వేలు, సూచీ ఇవాళ 10 శాతం పడింది, రేపు సరిగ్గా మొదటికి వచ్చింది. అతను 1 లక్షా 96 వేలు అని రాస్తే తెలిసే పెట్టాడని అర్థం, అప్పుడు ఎంత భాగం పెట్టాలన్నది మాట్లాడుకోండి. 2 లక్షల 10 వేలు అని రాస్తే ఆ కాగితం అక్కడే వదిలేసి, మరుసటి వారాంతం నాకు ఫోన్ చేయించండి. శనివారం ఉదయం పదింటి తర్వాత ఖాళీగానే ఉంటాను.